గుర్తుల ఆదిశేషు

మా తాతయ్య ఆదిశేషు ఎక్కడికి వెళ్ళినా దారి పొడవునా గుర్తులు పెట్టుకుంటూ వెళ్తాడు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. బీపీ లేదు, షుగర్ లేదు, డెబ్భై ఏళ్ళకీ పళ్ళన్నీ సొంతవే. కానీ నాలుగడుగుల దూరంలో ఉన్న లైబ్రరీకి వెళ్ళినా సరే, వెనక్కి తిరిగి చూస్తే ఆయన నడిచిన దారి బొట్టు పెట్టుకుని కూర్చుని ఉంటుంది.

బొట్టంటే నిజంగా బొట్టే. ఆడవాళ్ళు నుదుట అతికించుకునే స్టిక్కర్ బిళ్ళలు. అందరు తాతయ్యల చొక్కా జేబులో పెన్ను ఉంటుంది. మా తాతయ్య జేబులో బొట్టుబిళ్ళల అట్టలుంటాయి. గోడ మీదో స్తంభం మీదో ఎర్ర బిళ్ళ ఉంటే నేరుగా పొమ్మని. దాని పక్కన చిన్న నల్లచుక్క ఉంటే, చుక్క ఎటుంటే అటు తిరగమని. కిందా మీదా రెండు ఎర్రబిళ్ళలుంటే ఇక ఆగమని, వచ్చేశామని. అమెరికాలో మా మోరిస్‌విల్ ఇండియన్ స్టోర్‌లో కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయి ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది.

"అంకుల్, నెలకి నలభై ప్యాకెట్లు. ఆంటీకి ఎన్ని ముఖాలున్నాయి?"

"ఒకటే అమ్మా. నాకే మతిమరుపు."

తాతయ్య స్నేహితుడు దామోదర్ అంకుల్‌కి గుండె ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రి కార్ పార్కింగ్ నుంచి నాలుగో అంతస్తు దాకా తాతయ్య బొట్లు అతికించాడు. దార్లో ఒక నర్సుకి ఆ బిళ్ళ ముద్దొచ్చి, గోడ మీంచి ఊడదీసి నుదుట పెట్టుకుంది. మా అమ్మమ్మ హైమవతి ఆవిడ వెనకే నడుచుకుంటూ ఆపరేషన్ థియేటర్ గుమ్మం దాకా వెళ్ళిపోయింది. ఆ కథ చెప్పుకుని మా ఊరి తెలుగువాళ్ళు రెండు ఉగాదుల పాటు నవ్వారు. నవ్వు ఎప్పుడూ తాతయ్య మీదే. ఆయనకి పేరు కూడా పెట్టారు, గుర్తుల ఆదిశేషు అని. పిలిస్తే పలికేవాడు.

అసలు విడ్డూరం ఏమిటంటే, తాతయ్య నార్త్ కరోలినాలో రోడ్లకి బోర్డులు పెట్టించే ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. "బోర్డు నిండా అన్ని అక్షరాలెందుకయ్యా, ఓ బొమ్మ గీస్తే చాలదా?" అని పైవాళ్ళతో పోట్లాడి రెండు ప్రమోషన్లు పోగొట్టుకున్నాడట. రోడ్డు మీద తను పెట్టించిన బోర్డు కనిపించినా నమ్మడు. దాని కింద ఓ బొట్టు అతికిస్తాడు.

ఇక ఆయన మతిమరుపు సంగతి. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో పక్కగదివాళ్ళ రోల్ నంబర్లు చెప్తాడు. ఏ వారం ఏ కూర పెట్టారో చెప్తాడు. అందులో ఉప్పెక్కువైందో తక్కువైందో కూడా చెప్తాడు.

నా పేరు స్పందన, ఆయన కూతురి కూతుర్ని. తొమ్మిదేళ్ళప్పుడు ఆయన మతిమరుపుని పరీక్షిద్దామని నాకో బుద్ధి పుట్టింది. మా ఊళ్ళో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. రాధారాణి ఆంటీ వాళ్ళింటి పోస్టుడబ్బా మీద తాతయ్య బొట్టు ఉండేది. దాన్ని గిల్లి, మూడిళ్ళ అవతల డబ్బాకి అంటించాను. ఆ సాయంత్రం ఆంటీ వాళ్ళింటికి పేరంటానికి బయల్దేరిన అమ్మమ్మ పులిహోర గిన్నెతో సహా ఆ ఇంట్లోకి నడిచి వెళ్ళి సోఫాలో కూర్చుంది. ఆ ఇంట్లో ఫుట్‌బాల్ చూస్తున్న ముగ్గురు అమెరికన్లు ఏమీ అనలేక పులిహోర తిన్నారు.

నేను కడుపు పట్టుకుని నవ్వాను. తాతయ్య నవ్వలేదు. అంతకు ముందు నేను ఆయన చెప్పుల్లో జిగురు పోసినప్పుడు కూడా నవ్విన మనిషి.

"గుర్తు లేకపోతే మనిషి ఆగి ఆలోచిస్తాడే. తప్పుడు గుర్తుంటే నమ్మి నడుస్తాడు," అన్నాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఒక బొట్టుబిళ్ళకి ఇంత రాద్ధాంతమా అనుకున్నాను.

అలాంటి మనిషికి డెబ్భయ్యో ఏట ఒక కోరిక పుట్టింది. అలాస్కాలో ఉత్తరంగా, చెట్లు కూడా మొలవని చోటికి పోయే రోడ్డు ఒకటుంది. అది చూడాలి. ఎవరు తీసుకెళ్తారు? నేను కాలేజీ మూడో సెమిస్టర్‌లో మానేసి ఇంట్లో కూర్చున్నాను. "చదువెలాగూ అబ్బలేదు, డ్రైవింగన్నా పనికొస్తుంది," అని మా అమ్మ నన్ను వాళ్ళతో పంపింది. ఇంట్లో నన్ను చదువు గురించి దెప్పనిది అమ్మమ్మ ఒక్కతే.

అది రెండువేల పది, జూలై. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ ఊళ్ళో రెండు స్పేర్ టైర్లు, లారీవాళ్ళతో మాట్లాడే సీబీ రేడియో ఉన్న బండి అద్దెకి తీసుకున్నాం. మర్నాడు దార్లో ఒక హోటల్ దగ్గర ఆగాం. వడ్డించే ఆవిడ పేరు మార్తా, అరవై ఏళ్ళుంటాయి. సముద్రతీరంలో ఇనుపియాక్ అనే అక్కడి ఆదివాసుల పల్లె ఆవిడది, వేసవిలో ఇక్కడ పనిచేస్తుంది. గోడ మీద ఒక ఫొటో ఉంది. బోడికొండ అంచున రాళ్ళు పేర్చి మనిషిలా నిలబెట్టారు.

"ఎవరు పెట్టారమ్మా దీన్ని?" అన్నాడు తాతయ్య.

"మా ముత్తాతల కాలం వాళ్ళు. ఇనుక్సుక్ అంటాం. మనిషి బదులు నిలబడేది అని అర్థం."

"దేనికి?"

"అక్కడ చెట్టుండదు, వీధుండదు, ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. ఇది దారి చెప్తుంది. ఒక్కోటి మాంసం దాచిన చోటు చెప్తుంది. వరసగా పెడితే కారిబూ దుప్పుల మందని మళ్ళిస్తుంది. మా తాతలకి రాత లేదు. ఇదే రాత."

తాతయ్య చెంచా కింద పెట్టేశాడు. ఆయన ముఖం చూస్తే, తప్పిపోయిన అన్నదమ్ముల్ని ఎవరో తెచ్చి ముందు నిలబెట్టినట్టుంది.

"చూశావుటే హైమా! నేనొక్కణ్ణే పిచ్చివాణ్ణి అనుకున్నావు."

"ఇంతమందున్నారని తెలిస్తే మీకింకా పొగరెక్కుతుంది. సూప్ తాగండి," అంది అమ్మమ్మ.

"ఒక్క మాట," అంది మార్తా. "టూరిస్టులు సరదాకి రాళ్ళు పేర్చి పోతున్నారు. మీరు ఆ పని చెయ్యొద్దు. ఉన్నవాటిని కదపొద్దు. ఎవడో ఒకడు దాన్ని నమ్మి నడుస్తాడు."

తాతయ్య నా వైపు చూశాడు. నేను నా సూప్ వైపు చూశాను.

"నేను పెడితే తిరిగొచ్చేటప్పుడు నా చేత్తోనే తీసేస్తానమ్మా. మాట," అని రెండు చేతులూ పట్టుకుని చెప్పి, ఆవిడకి ఒక బొట్టుబిళ్ళల ప్యాకెట్ బహుమతిగా ఇచ్చాడు. ఆవిడ దాన్ని ఎటు తిప్పి చూడాలో తెలియక నన్ను చూసింది.

కొండల మధ్య కనుమ దాటాక చెట్లు అయిపోయాయి. మిగిలింది కంకర రోడ్డు, పక్కన ముడిచమురు మోసే నూనె గొట్టం, పైన బూడిదరంగు ఆకాశం. దూరంగా గట్టు మీద ఒక రాతిమనిషి కనిపించాడు. తాతయ్య బండాపమన్నాడు. వెనక లారీ వస్తోందని నేను ఆపలేదు. ఇంకో పది మైళ్ళకి ఇంకొకడు. వాడికీ ఆపలేదు. మూడోవాడి దగ్గర నేను ఆపక్కర్లేకపోయింది. టైరే పేలి బండిని ఆపేసింది.

మధ్యాహ్నం మూడు కావస్తోంది. గాలి చెవులు కోసేస్తోంది. నేను జాకీ తీశాను. తాతయ్య ఒక బోల్టు విప్పబోయి, దాన్ని బండి కిందికి దొర్లించి, అది వెతికే పని కూడా నాకిచ్చాడు.

"తాతయ్యా, ప్లీజ్. నువ్వు హెల్ప్ చేస్తే రేపటిదాకా ఇక్కడే ఉంటాం."

"అయితే నేనెళ్ళి ఆయన్ని చూసొస్తాను," అన్నాడు, ఆ రాతిమనిషి ఎవరో పెద్దమనిషైనట్టు. "పావుమైలు కూడా లేదు. ఇరవై నిమిషాలు."

"టోపీ పెట్టుకోండి," అంది అమ్మమ్మ.

మంకీ క్యాప్ పెట్టుకుని వెళ్ళాడు. ఒక రాయికి బొట్టు అంటించబోతే అది తడికి జారి పడిపోయింది. వంగి రెండు రాళ్ళు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టాడు. పాతిక అడుగులు వేసి మళ్ళీ వంగాడు. "ఇక్కడ కూడానా!" అని అరిచాను. చెయ్యి ఊపాడు.

పాత టైరు ఊడదీసి, కొత్తది ఎక్కించి, ఆఖరి బోల్టు బిగించి తలెత్తేసరికి గట్టు లేదు. నూనె గొట్టం లేదు. ఉత్తరం వైపు నుంచి పొగమంచు వచ్చి అన్నిటినీ తుడిచేసింది. పన్నెండు అడుగుల అవతల ఏముందో తెలియదు.

హారన్ కొట్టాను. ఆగి విన్నాను. గాలి అడ్డంగా కొడుతోంది, మా చప్పుడు ఆయన దాకా పోదు. మళ్ళీ కొట్టాను. ఇరవై నిమిషాలు నలభై అయ్యాయి, నలభై కాస్తా గంట అయింది. సన్నగా వాన మొదలైంది. బండిలో థర్మామీటర్ ముప్పై ఏడు ఫారన్‌హీట్ చూపిస్తోంది, అంటే మన లెక్కలో మూడు డిగ్రీలు. అప్పుడు నా కళ్ళు వెనక సీటు మీద పడ్డాయి. తాతయ్య వానకోటు అక్కడే మడతపెట్టి ఉంది. ఆయన ఒంటి మీద ఉన్నది అమ్మమ్మ అల్లిన స్వెటరొక్కటే.

ఒక చేత్తో హారన్ నొక్కుతూ, ఇంకో చేత్తో రేడియో మైకు పట్టుకున్నాను. ఏ ఛానెల్లో పిలవాలో అద్దె ఆఫీసువాడు రాసిచ్చిన కాగితం అమ్మమ్మ ముందున్న అరలో ఉంది.

"అమ్మమ్మా, ఆ పేపర్ తీసి చదువు. ఎమర్జెన్సీకి ఏ ఛానెల్ అని ఉంది?"

అమ్మమ్మ కాగితం తీసింది. చూసింది. "అద్దాలు కనపడట్లేదే."

"నీ మెళ్ళోనే ఉన్నాయి!"

అద్దాలు పెట్టుకుంది. మళ్ళీ చూసింది.

"త్వరగా, అమ్మమ్మా! చదువు! తాతయ్య అక్కడ తడుస్తూ..."

"నాకు చదవడం రాదే."

హారన్ మీంచి నా చెయ్యి తనంతట తనే లేచింది. "ఇంగ్లీషా?"

"ఏదీ."

ఆవిడ కాగితం నా ఒళ్ళో పెట్టి, "నువ్వు చదువు. తర్వాత ఆశ్చర్యపోవచ్చు," అంది.

పంతొమ్మిదో ఛానెల్. పిలిచాను. గరగరమంటూ ఒక లారీ డ్రైవరు పలికాడు. కనుమకి అవతల ఉన్నాడట, అక్కడ అడుగు ముందుకి కనపడట్లేదట. పోలీసులకి కబురు చేస్తానన్నాడు. వాళ్ళు రావడానికి మూడు గంటలు పట్టొచ్చు.

"ఆయన ఒంటి మీద వానకోటుందా?" అని అడిగాడు.

"లేదు. స్వెటర్. డెబ్భై ఏళ్ళు."

"అమ్మాయీ, బండి దిగొద్దు. రోడ్డు వదిలితే వెతకాల్సింది ముగ్గుర్నవుతుంది. అర్థమైందా?"

అర్థమైందన్నాను. పక్కకి తిరిగేసరికి అమ్మమ్మ తలకి శాలువా చుట్టుకుని, తాతయ్య వానకోటు చంకలో పెట్టుకుని, తలుపు తెరుస్తోంది.

"అమ్మమ్మా! దిగొద్దన్నాడు!"

"ఆయనకి మీ తాతయ్య తెలియదు. నాకు పుస్తకాలు చదవడం రాదు కానీ, మీ తాతయ్య రాసింది చదవగలను. పద."

బండి లైట్లు వేసి ఉంచి దిగాను. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. పరీక్షలకి కూడా.

మొదటి గుర్తు రోడ్డు పక్కనే ఉంది. కింద పలకరాయి, పైన మొనదేలిన రాయి.

"మొన ఎటుందో అటు. ఇది ఎర్రబిళ్ళ. పక్కన గులకరాయి పెడితే అది నల్లచుక్క. నువ్వు దీని దగ్గర నుంచో. నేను పాతిక అడుగులు లెక్కపెట్టి వెళ్ళి రెండోది వెతుకుతా. కనపడకపోతే నీ గొంతు పట్టుకుని వెనక్కొస్తా. నోరు మూయకు."

"ఏం మాట్లాడను?"

"ఇరవై ఏళ్ళలో ఎప్పుడైనా ఆ ప్రశ్న అడిగావా? ఏదో ఒకటి వాగు!"

నాకు ఏమీ తోచక, చిన్నప్పుడు తాతయ్య నేర్పిన తెలుగు ఎక్కాలు మొదలుపెట్టాను. రెండో ఎక్కం అరుస్తుంటే అమ్మమ్మ మంచులోకి మాయమైంది. రెండు ఎనిమిదులు పదహారు. రెండు తొమ్మిదులు పద్దెనిమిది. "రా! దొరికింది!" అని గొంతు. పరిగెత్తాను. మళ్ళీ అక్కడ నేను నుంచోడం, ఆవిడ మాయమవడం.

నేలంతా గడ్డికుచ్చులు, మధ్యలో నీళ్ళు. అడుగేస్తే పాదం మెలికపడుతుంది. అయిదో గుర్తు దగ్గర కుడివైపున నాకే ఒక రాళ్ళ దొంతర కనిపించింది. "అమ్మమ్మా, ఇదిగో! ఇటు!" అని గంతేశాను. ఆవిడ వచ్చి వంగి చూసింది.

"కాదు."

"రాయి మీద రాయి ఉంది కదా!"

"నేల ఉబ్బి పైకి నెట్టిన రాళ్ళివి. ఇది ఆయన రాత కాదు. ఆయన కింది రాయి కదలకుండా మట్టి తొక్కుతారు." వెనక్కి వచ్చి ఎడమవైపు వెళ్ళింది. పద్దెనిమిది అడుగుల దగ్గర కేక పెట్టింది. దొరికింది.

ఏడో గుర్తు దగ్గర మాత్రం ఆవిడ ఆగిపోయింది. పైరాయికి రెండు వైపులా మొన ఉంది. చుట్టూ తిరిగింది. మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. వాన ఆవిడ అద్దాల మీంచి కారుతోంది. నేను ఆరో ఎక్కం రెండుసార్లు చెప్పాను.

"ఏమైంది?"

"ఉండవే, చదవనీ."

"నీకెవరూ నేర్పలేదా, చదువు?"

"పెళ్ళైన కొత్తలో మీ తాతయ్య పలక కొనుక్కొచ్చి ఏడాది పాటు నేర్పారు. అక్షరాలు నా ముందు నిలబడవే. పరిగెడతాయి. రోజూ ఏడ్చేదాన్ని. ఒకరోజు పలక తీసి అటక మీద పడేసి, 'పోనీలే, నీకు వచ్చేలా నేనే రాస్తాను' అన్నారు." లేచి చేతులు దులుపుకుంది. "ఎడమ."

"ఎలా తెలుసు?"

"ఎడంచేత్తో నేల ఆనుకుని లేచారు. ఇదిగో వేళ్ళు. లేచిన వైపే పోతాడు ఏ మనిషైనా."

నేను ఆ గుర్తు దగ్గర ఒంటరిగా నిలబడి ఏడో ఎక్కం చెప్తుండగా ఒక్కొక్కటే వచ్చి నా నెత్తిన పడింది. మతిమరుపు లేని మనిషికి గుర్తులెందుకు? మైక్రోవేవ్ మీటల మీద బొట్లెందుకు? పొద్దున్నే పేపరంతా వీధికి వినపడేలా పైకి చదవడమెందుకు? సిటిజన్‌షిప్ పరీక్షకి అందరూ వెళ్తుంటే "మా హైమకి గ్రీన్ కార్డు చాలు, రంగు బావుంది" అని జోకులెందుకు? బోర్డుల మీద బొమ్మలు వెయ్యమని పోట్లాడి పోగొట్టుకున్న ప్రమోషన్లు ఎవరి కోసం? ఊరంతా నలభై ఏళ్ళు ఆయన్ని చూసి నవ్వుతుంటే, ఆ నవ్వు ఆవిడ మీద పడకుండా ఆయన అడ్డంగా నిలబడ్డాడు. మా అమ్మకి కూడా తెలియనివ్వలేదు. ఇక నేను గిల్లిన ఆ బొట్టు! (ఇదంతా రాయొచ్చా అని మొన్న అమ్మమ్మని అడిగాను. "రాసుకో, నేనెలాగూ చదవనుగా," అంది.)

"రా! దొరికింది!"

పన్నెండో గుర్తు. పదమూడు. నా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అమ్మమ్మ శాలువా నీళ్ళోడుతోంది. పధ్నాలుగో గుర్తు తర్వాత ఆవిడ పాతిక అడుగులు వెళ్ళి వట్టి చేతులతో వెనక్కొచ్చింది. ఇంకోవైపు వెళ్ళింది. మళ్ళీ వట్టి చేతులే. ఆవిడ ముఖంలో మొదటిసారి భయం చూశాను.

"ఇక్కడి నుంచి రాయలేదే," అంది మెల్లగా. "ఇక్కడే ఏదో అయింది."

మంచు ఒక్క క్షణం పలచబడింది. ఎదురుగా నల్లగా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. "తాతయ్యా!" అని అరిచి పరిగెత్తాను. మనిషి కాదు. రాళ్ళు. నాకంటే ఎత్తుగా, నాచు పట్టి, నూరేళ్ళ నుంచి అక్కడే ఉన్నట్టున్నాడు. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. "తాతయ్యా! ఆదిశేషు తాతయ్యా!" అని ఇంకోసారి అరిచాను.

"ఎక్కం ఆపకు!" అని వెనక నుంచి అమ్మమ్మ అరిచింది. "నువ్వాపితే నేను నిన్ను పోగొట్టుకుంటా! చెప్పు!"

ఏడుస్తూ, నోటికొచ్చిన చోట అందుకున్నాను. "ఏడు ఏళ్ళు నలభై తొమ్మిది! ఏడు ఎనిమిదులు... ఏడు ఎనిమిదులు... యాభై నాలుగు!"

రాతిమనిషి అవతల, గట్టు దిగువ నుంచి, వణుకుతున్నదే అయినా కోపంతో నిండిన గొంతొకటి లేచింది.

"యాభై ఆరు! యాభై ఆరే, దొంగ భడవా! ఇన్నేళ్ళు నీకు నేర్పింది ఇదా?"

గడ్డికుచ్చుల మధ్య గుంటలో చీలమండ మెలిక పడి, గాలి తగలకుండా ఒక బండకి ఆనుకుని కూర్చున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. మంకీ క్యాప్ మాత్రం చెక్కు చెదరలేదు. అమ్మమ్మ వానకోటు తొడిగి, తన శాలువా పిండి ఆయన మెడకి చుట్టి, ఆయన చేతులు తన చేతుల్లో పెట్టుకుని రుద్దింది. ఆ తర్వాత భుజం మీద ఒక్కటిచ్చింది.

"ఇరవై నిమిషాలా?"

"కాలు మడత పడిందే. అరిచాను, గాలి ఎత్తుకుపోయింది." నా వైపు తిరిగాడు. "శభాషే పిల్లా! దారి పట్టేశావు! నా మతిమరుపు కోసం పెట్టుకున్న గుర్తులు నీకు పనికొచ్చాయన్నమాట!"

ఆ వణుకులో కూడా ఆయన కళ్ళు నా ముఖాన్ని వెతుకుతున్నాయి, నాకేం తెలుసో ఎంత తెలుసో అని. నేను ముక్కు తుడుచుకున్నాను.

"అవును తాతయ్యా. నేనే పట్టాను. నీ మతిమరుపు వల్ల బతికిపోయాం."

ఆయన హమ్మయ్య అనుకున్నాడు. స్పష్టంగా కనిపించింది. కానీ అమ్మమ్మ తల అడ్డంగా ఊపింది.

"దానికి తెలుసులెండి. నేనే చెప్పాను."

తాతయ్య ఆవిడ వైపు చూశాడు. టోపీ సర్దుకున్నాడు. నేను ఒక చంక కింద, అమ్మమ్మ ఒక చంక కింద పట్టి లేపాం. ఎత్తు పైకెక్కాక రాతిమనిషి దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆయనకి నమస్కారం పెట్టాడు తాతయ్య.

వచ్చిన దారినే వెనక్కి నడిచాం. ఒక్కో గుర్తు దగ్గర ఆగి, అమ్మమ్మ వంగి, పైరాయి తీసి పక్కన పెట్టి, కిందిరాయిని దొర్లించి, తొక్కిన మట్టిని చెప్పుతో సర్దింది. మార్తాకిచ్చిన మాట. దూరంగా ఎవరిదో లారీ హారన్ వినపడింది. మా బండి లైట్లు మసకగా పసుపుపచ్చగా కనిపించడం మొదలైంది.

ఏడో గుర్తు దగ్గర అమ్మమ్మ ఆగి, రెండు మొనల రాయిని తీసి ఆయన ముక్కు కింద పెట్టింది.

"ఏమిటండీ ఇది?"

"ఎడమ అని రాశాను."

"దీన్ని ఎడమంటారా? గిలికిపారేశారు. వానలో మోకాళ్ళ మీద కూర్చుని చదువుకోవాల్సొచ్చింది."

"గాలి కొడుతోందే హైమా, చేతులు వణికాయి..."

"గాలి కాదు, ఏమీ కాదు. రిటైరయ్యాక మీ చేతిరాత పాడైపోయింది. ఈసారి కుదురుగా రాయండి."

ముప్పై ఏళ్ళు రాష్ట్రమంతా బోర్డులు పెట్టించిన మా తాతయ్య ఆ రాయిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నిజమే," అన్నాడు. "తప్పు నాదే."